ఏడో క్రోమోజోమ్ మీద నేను పుట్టించిన జన్యువు

2003 ఎండాకాలం. గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీ వెనక రేకుల షెడ్డు, దాని మీద యానిమల్ హౌస్ అని బోర్డు. ఎలుకలకు మేతా నీళ్లూ పెట్టి, కింద పొట్టు మార్చడం నా పని. అంతకుముందు పద్దెనిమిదేళ్లు మిర్చి యార్డులో కాయలు ఏరించిన మేస్త్రీని. ఎలుక బరువును శాసించే జన్యువు ఏడో క్రోమోజోమ్ మీద ఉందని కనిపెట్టింది నేనే.

నవ్వకండి. బ్రాడీపేట టీ కొట్ల దగ్గర ఆ ముక్క వందమందికి చెప్పాను. వంద కాదులెండి, పదిమందికి. కనిపెట్టడమూ కాదు. అసలు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సుజాత గారిది దర్శి వైపు రైతు కుటుంబం. పీహెచ్‌డీ కోసం ఆ ఎలుకల మీద పనిచేసేవారు. తెల్ల జాతినీ నల్ల జాతినీ కలిపి, పుట్టిన పిల్లల్ని మళ్లీ వాటిలో వాటికే కలిపితే మనవలు వస్తాయి. ఒక్కో మనవడిలో ఆ రెండు జాతుల ముక్కలు ఒక్కో రకంగా కలగలిసి ఉంటాయి. తోక కొస కత్తిరించి డీఎన్‌ఏ తీసి, క్రోమోజోమ్‌ల పొడుగునా గుర్తులు చూస్తారు. వీటిని మార్కర్లంటారు, రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ల లాంటివి. తర్వాత కంప్యూటర్ ఒక్కో రాయి దగ్గరా ఆగి, ఇక్కడ తెల్ల జాతి ముక్క వచ్చినవాటికీ నల్ల జాతి ముక్క వచ్చినవాటికీ బరువులో తేడా ఉందా అని లెక్క కడుతుంది. ఆ తేడా ఎంత గట్టిదో చెప్పే అంకె లాడ్ స్కోర్. గ్రాఫులో అది కొండలా లేచిన చోట జన్యువు ఉన్నట్టు.

ఏ ఎలుక ఏ పంజరంలో ఉండాలో ఆవిడ చీటీలు తీసి రాసిచ్చారు. నాకది పిల్లలాట అనిపించింది. తెల్లదీ నల్లదీ బూడిదదీ ఒకే పంజరంలోనా? ఎర్రకాయల్లో తెల్లబోయిన తాలుకాయలు కలిసిన బస్తాని చూసినట్టు ఒళ్లు మండింది. ఆవిడకు ఎలుకల గదిలో తుమ్ములు ఆగవు. బరువులు పక్క గదిలో తూచేవారు, చెవి నంబరు చెబితే నేను తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఇంకేం, రెండు రోజుల్లో గ్రేడింగ్ చేసి పారేశాను. తెల్లవన్నీ గుమ్మం దగ్గర, కూలర్ ఎదురుగా, చూసేవాళ్లకు కళగా. రంగువన్నీ వెనక, పడమటి గోడ పక్కన.

మే నెలలో పడమటి గోడ ఎలా కాగుతుందో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఉక్కలో ఎలుక మేత సరిగ్గా ముట్టదు. తెల్లవి బలిశాయి, రంగువి చిక్కాయి. కంప్యూటర్‌కి గోడ తెలియదు, కూలర్ తెలియదు. ఎలుకను తెల్లగా చేసే జన్యువు ఉండేది ఏడో క్రోమోజోమ్ మీద. సరిగ్గా అక్కడే కొండ లేచింది.

"బాబాయ్ గారూ, ఇటు రండి, చూడండి! అంతా మీ చేతి చలవేనండీ" అని ఆవిడ మురిసిపోయారు. నేనూ మురిశాను.

మరుసటి వేసవికి నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. రెండో బ్యాచ్‌ని ఆవిడే ముక్కుకి గుడ్డ కట్టుకుని, చీటీల ప్రకారం చూసుకున్నారు. ఈసారి కొండ లేదు. అంతా చదును.

"పోయినేడు పంజరాలేమన్నా మార్చారా, బాబాయ్ గారూ?"

"నేనెందుకు మారుస్తానమ్మా! మీ కాయితం ప్రకారమేగా పెట్టింది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆవిడ నమ్మి, తప్పు తన దగ్గరే ఉందనుకుని, మూడు నెలలపాటు తోక ముక్కలన్నీ మళ్లీ మొదట్నుంచి పరీక్షించారు. ఆవిడ గైడు పెద్ద సార్ అందరి ముందూ "నీ చేతి పనిలో శుభ్రత లేదమ్మాయ్" అన్నారు. నేను అక్కడే ఉన్నాను, నీళ్ల సీసాలు కడుగుతూ. తల ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ నా దగ్గరకొచ్చి, "మానేసి దర్శి వెళ్లిపోతానండీ. నా చేతులే మంచివి కావు" అన్నారు. ఆ చేతుల వైపు చూశాను. మందులు తగిలి గోళ్ల దగ్గర చర్మం ఊడిపోయి ఉంది. అప్పుడు చెప్పాను.

ఆవిడ స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"చీటీలు ఎందుకు వేశాననుకున్నారు?"

"ఆటకేమో అనుకున్నానమ్మా."

"ఎవరి ఇష్టమూ అందులో ఉండకూడదనండీ. నా ఇష్టం కూడా."

"ఇప్పుడైనా లెక్క సరిచేయలేరా?"

"రంగునీ చల్లదనాన్నీ ఒకచోటే కట్టేశారు. తేడా దేనివల్ల వచ్చిందో ఏ ప్రోగ్రామూ విడదీయలేదండీ."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇంకో ఏడాది కష్టపడి ఆవిడ థీసిస్ ముగించారు. బ్రాడీపేటలో బైండింగ్ అయిన కాపీలు తీసుకురమ్మని నన్నే పంపారు. నాకు ఇంగ్లీషు రాదు. మొదటి బ్యాచ్ గురించి ఏం రాశారో చదివి చెప్పమని కొట్టు అతన్ని అడిగాను.

"లెక్కలోంచి తీసేశారంటండీ. పంజరాల అమరిక సరిగా చూసుకోకపోవడం ఈవిడ తప్పేనట."

"నా పేరెక్కడయ్యా?"

"కృతజ్ఞతల్లో ఉందిగా. ఎలుకల్ని జాగ్రత్తగా చూసుకున్నందుకట."

ఎందుకు చెప్పారో తెలియని పనిని మన తెలివితో దిద్దకూడదని ఆ అనుభవం నేర్పిందని అందరితో అంటుంటాను. అది పైకి చెప్పే మాట. పంజరాలు మార్చింది తెలియక. మార్చలేదన్నది తెలిసే. ఆవిడ ఆ బ్యాచ్‌ని లెక్కలోంచి తీసేశారు. ఆ మూడు నెలల్ని నేను తీయలేకపోతున్నాను.