బతికున్నవాడి స్టీరింగ్ కోసం ఇపో వెళ్లాం

మా అమ్మాయి మాలినికి ఇరవై రెండేళ్లు, నాకు యాభై నాలుగు. మా ఇద్దరికీ కలిపి ఒక బండి ఉంది, దాని వయసు మా ఇద్దరికీ మధ్యలో. ఆస్ట్రేలియాలో తయారైన రెండు తలుపుల బండి, ఎనిమిది సిలిండర్ల ఇంజిను. కుర్రాళ్లు ఇలాంటివాటిని మజిల్ కార్లంటారు. మాకు దొరికినప్పుడు దానికి కండ లేదు, ఎముకలు కూడా సగమే. మేముండే మలాయ్ దేశంలోనే, రవాంగ్ దగ్గర ఒక ఫారం షెడ్డులో పడి ఉండేది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టుకునేవి.

మూడేళ్లుగా మా ఆదివారాలన్నీ దానికే. మాలిని బళ్ల మరమ్మతు చదువుకుంది. నేను ఆరో క్లాసుతో బడి మానేసి, ఇప్పుడు ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. కాబట్టి తను చెబుతుంది, నేను బోల్టు విప్పుతాను. వేరే బోల్టు విప్పితే తిడుతుంది.

ఈ బండికి కొత్త సామాను ఎక్కడా దొరకదు. తుక్కు యార్డుల్లో ఏరుకోవాల్సిందే. బానెట్ పెనాంగ్ నుంచి తెచ్చాం, ఎడమ తలుపు జొహోర్ నుంచి, సీట్లు మలాక్కా నుంచి. బండి ఇంకా ఒక్క గజం కూడా నడవలేదు గానీ దేశమంతా తిరిగేసింది.

చివరికి మిగిలింది స్టీరింగ్. చక్రం ఒక్కటే కాదు, దాని కింద ఉండే గొట్టంతో సహా. ఇపో ఊరి అవతల ఒక తుక్కు యార్డులో అలాంటిది ఉందని మాలిని ఫోనులో చూసింది. ముందు భాగం నుజ్జయిన బండి అది. ఆ ఫొటో మా ఆవిడ పార్వతి కంట కూడా పడింది.

"ఆ బండి నడిపినోడు బతికినాడా?" అంది.

తెలీదన్నాం.

పార్వతికి ఒక్కడే తమ్ముడు ఉండేవాడు. యాక్సిడెంటులో మనిషి పోయిన బండి చవగ్గా వస్తోందని కొన్నాడు. ఆ ఏడాదే అదే బండిలో అతనూ పోయాడు. బ్రేకులు పాతవి అన్నారు పోలీసులు. పార్వతి ఆ మాట విన్నది, నమ్మలేదు. నేను ప్రతిదాని మీదా జోకులేస్తాను, దీని మీద వేయను.

"సచ్చినోడు పట్టుకున్న సక్రం నా కూతురు సేతికి ఇయ్యనిస్తానేటి? బతికినాడని తెలిస్తే తెండి. తెలకపోతే మానీండి. ఆ బండిని మళ్లీ కోళ్లకి ఇచ్చీండి."

మాలిని ఏడవలేదు, వాదించలేదు. స్పానర్ల సంచి సర్దుకుంది. ఇదీ మా ఇపో ప్రయాణానికి కారణం.

శనివారం పొద్దున్న ఆరున్నరకల్లా కేఎల్ సెంట్రల్ స్టేషను చేరాం. రైలుకి ఇంకా టైముందని పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్‌లో తోసై, అదే మన దోసె, తిన్నాం, తలా ఒక గ్లాసు నురగ టీ తాగాం. శని ఆదివారాల్లో ఈ రైలుకి టికెట్లు ముందే కొనుక్కోవాలి, చివరి నిమిషంలో వెళ్తే స్టేషను మాత్రమే చూసి రావచ్చు. ఇంకో మాట, పెట్టెలో చలి ఎక్కువ. నేను పొట్టి చేతుల చొక్కాతో ఎక్కి, తాపా స్టేషను దాటేసరికి మాలిని దుపట్టా కప్పుకున్నాను.

ఎదురు సీట్లో ఒక తమిళ పెద్దావిడ మా స్పానర్ల సంచి వైపు చూసి, "రైలు చెడిపోతుందని తెచ్చారా?" అని అడిగింది.

"లేదక్కా, బాగుంటే విప్పుదామని," అన్నాను.

మాలిని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. తండ్రి నోరు తెరిస్తే తను చేసే మొదటి పని అదే.

పదిన్నర ప్రాంతంలో ఇపోలో దిగాం. అక్కణ్ణుంచి చెమోర్ వైపు టాక్సీలో అరగంట. దారి పొడుగునా సున్నపురాతి కొండలు, సగం కొరికి వదిలేసిన లడ్డూల్లాగా. యార్డు ఒక కొండ కిందే ఉంది. యజమాని చైనా ఆయన, అందరూ టౌకే అంటారు, అంటే షావుకారు. గేటు పక్కన ఎర్రటి చిన్న గూడు, అందులో అగరొత్తులు వెలుగుతున్నాయి.

బండి చివరి వరసలో ఉంది. ముందు భాగం చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. మాలిని మాత్రం కింద దూరి గొట్టాన్ని టేపు పెట్టి కొలిచింది, లేచి ముఖం తుడుచుకుంది.

"నాన్నా, సూడు. మనిషి ఛాతీ గట్టిగా తగిల్తే ఈ గొట్టం లోపలికి మడిసిపోతాది, అలాగే సేసినారు దీన్ని. ఇది మడిసిపోలేదు. ఓకే లా." ఇక్కడ మాట చివర 'లా' తగిలించడం అందరికీ అలవాటు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోను చేసి పార్వతికి చెప్పాను.

"గొట్టం సంగతి గొట్టం సెప్పింది," అంది. "మనిషి సంగతి ఎవులు సెప్తారు?"

టౌకేని అడిగాను. ఆయన చేతులు ఊపేశాడు. "బాస్, నేను అడగను లా. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే అమ్మలేను. ప్రతి బండికీ పోయినవాళ్ల పేరున ఒక కట్ట పూజ కాగితం కాలుస్తాను, ఉన్నవాడికైనా పోయినవాడికైనా సరిపోతుంది." తర్వాత మాలిని మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. "లాక్కొచ్చింది మురుగన్. రోడ్డు చివర షెడ్డు. వాణ్ణి అడుగు."

మురుగన్‌ది చెడిపోయిన బళ్లను లాగే లారీ. దాని నీడలో కూర్చుని చెరుకురసం తాగుతున్నాడు. బండి రంగు చెప్పగానే నవ్వాడు. "డురియన్ల బండా?" అన్నాడు తమిళంలో.

రెండేళ్ల కిందటి మాట అట. పామాయిల్ తోటలో చెట్టుకి గుద్దుకుంది. డిక్కీ నిండా డురియన్లు, పనసలా ముళ్లుండే బరువైన పళ్లు, కంపు అర మైలు.

"మనిషో?" అన్నాను.

"రోడ్డు పక్కన కూర్చున్నాడు, నోట్లోంచి రక్తం. ముందు డురియన్లు దింపు, తర్వాత బండి లాగు అని నామీద అరిచాడు."

"అయితే బతికాడు," అంది మాలిని.

"ఆరోజు బతికాడు," అన్నాడు మురుగన్. "ఆ తర్వాత ఆంబులెన్స్ వచ్చింది. వయసు డెబ్భై పైనే కదమ్మా."

ఆ 'ఆరోజు' అనే మాట ఎందుకన్నాడో గానీ, పార్వతికి చెబితే అక్కడే పట్టుకుంటుందని నాకు తెలుసు. ఫోను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. మాలిని నావైపు చూసి, "అమ్మకి సగం కబురు సెప్పకు," అంది.

మురుగన్‌కి ఆ పెద్దాయన ఉండే పల్లె తెలుసు. డ్రైవింగ్ నేర్పే మాస్టారట, ఊరంతా చేగు అని పిలుస్తారు, మలాయ్‌లో మాస్టారు అని. డ్రైవింగ్ మాస్టారు చెట్టుకి గుద్దడమేమిటని నవ్వబోయాను, మాలిని మోచేత్తో పొడిచింది. ముగ్గురం లారీ ముందు సీట్లో ఇరుక్కుని బయల్దేరాం. పావుగంటలో పల్లె వచ్చింది. మసీదు దాటి మలుపు తిరిగాం.

రోడ్డు మీద పెద్ద పందిరి. దాని కింద వరసగా కుర్చీలు. నల్లటోపీల మగవాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. వరండాలో ఆడవాళ్లు.

"అదే ఇల్లు," అన్నాడు మురుగన్, రేడియో కట్టేసి.

సరిగ్గా ఇవాళే పోయాడా మనిషి? ఒక్క వారం ముందొస్తే బతికున్నవాడి స్టీరింగ్ అయ్యేది కదా అనుకున్నాను, అనుకున్నందుకు సిగ్గేసింది. మాలిని సంచిని గుండెకి హత్తుకుని కూర్చుంది. "ఎనక్కి ఎల్లిపోదాం నాన్నా. ఇప్పుడేటని అడుగుతాం?"

వెనక్కి తిరిగే లోపే ఒక కుర్రవాడు పరిగెత్తుకొచ్చి లారీ తలుపు తీశాడు. రండి రండి అని లాక్కెళ్లి కూర్చోబెట్టారు. ఎవరు, ఏమిటి అని ఒక్కరూ అడగలేదు. ముందు పళ్లేలు వచ్చాయి, తర్వాత అన్నం, ఎర్రటి కోడికూర, అనాసపండు పచ్చడి. అప్పుడు అర్థమైంది, తలలు వంచుకున్నది తినడానికని. అది పెళ్లి విందు. మలాయ్ పెళ్లి విందులో వచ్చినవాడికి ముందు అన్నం పెడతారు, ఊరూ పేరూ తర్వాత. మేం మగపెళ్లివారి తరఫు అనుకున్నారట.

ఒక ముసలాయన ఇత్తడి కూజాతో మా చేతుల మీద నీళ్లు పోస్తున్నాడు. పట్టు చొక్కా, నడుముకి జరీ గుడ్డ. నేను గొంతు తగ్గించి, బాబాయ్ వరసతో పిలుస్తూ మలాయ్‌లో అడిగాను, "పాక్‌చిక్, చేగు గారు... ఎలా ఉన్నారు?"

"కాళ్లు నొప్పి. పొద్దుటినుంచి నిలబడే ఉన్నాను," అన్నాడాయన. నవ్వితే ముందు పళ్లు రెండు లేవు.

మాలిని తలెత్తి చూసింది. కూజా పట్టుకున్న ఆయన చెయ్యి పట్టుకుంది. నీళ్లన్నీ నా ఒళ్లో పడ్డాయి. బతికున్న మనిషి పోసిన నీళ్లు, ఎంత చల్లగా ఉన్నాయో చెప్పలేను.

విషయం అంతా చెప్పాం. ఆయన ఆశ్చర్యపోలేదు. మనవరాలి పెళ్లి మధ్యలో కూజా పక్కన పెట్టి, టోపీ సర్దుకుని, "మీ ఆవిడకి వీడియో కాల్ చెయ్యి," అన్నాడు.

పార్వతి తెరమీద కనిపించింది. చేతిలో కూరగాయల కత్తి. ఆమెది తోటల్లో పనివాళ్లు మాట్లాడే ఎస్టేటు మలాయ్, అయినా పోలీసు స్టేషన్లో కూడా అంత పద్ధతిగా ప్రశ్నలడగరు. ఛాతీ నొప్పి ఉందా? లేదు. రాత్రి నిద్ర పడుతుందా? పడుతుంది. బండి మీద కోపముందా?

"ఉడుము అడ్డమొచ్చింది, దాన్ని తప్పించాను. బండి నన్ను తప్పించింది," అన్నాడు చేగు. "ఈ ఊళ్లో సగంమందికి డ్రైవింగ్ నేర్పాను, బెల్టు పెట్టుకోని వాణ్ణి దింపేసేవాణ్ణి. ఆరోజు నేనూ పెట్టుకున్నాను. నా ముందు పళ్లు ఊడింది స్టీరింగ్ వల్ల కాదు, పక్క సీట్లో పెట్టుకున్న డురియన్ ఎగిరొచ్చి తగిలింది."

పార్వతి కత్తి పక్కన పెట్టింది. "సుదా మకాన్?" అని అడిగింది ఆయన్ని. అన్నం తిన్నారా అని.

ఇంకా లేదన్నాడు. ముందు తినమని చెప్పి ఫోను పెట్టేసింది. మాలిని స్పానర్ల సంచి భుజానికి తగిలించుకుంది.

చేగు మాలినిని పక్కకి తీసుకెళ్లి ఒక విషయం చెప్పాడు. ఆ స్టీరింగ్ కొంచెం ఎడమకి లాగుతుందట, భయపడి తిట్టవద్దట. నేను తనకి బండి నడపడం నేర్పినప్పుడు విననంత శ్రద్ధగా వింది.

యార్డుకి తిరిగొచ్చి రెండు గంటలు బోల్టులు విప్పాం. టౌకేకి మనిషి బతికున్నాడని చెబితే నవ్వేసి, "అయితే కాగితాలు వృథా అయ్యాయి," అన్నాడు. నవ్వుతూనే గూడు దగ్గరికెళ్లి ఇంకో అగరొత్తి వెలిగించడం చూశాను.

తిరుగు రైలు సాయంత్రం ఐదు దాటాక. స్టీరింగ్‌ని, గొట్టాన్ని దుప్పటిలో చుట్టాం గానీ చక్రం బయటికే ఉంది. నడవ అవతల కూర్చున్న చిన్న పాప, "అది రైలుదా అంకుల్?" అని అడిగింది.

"అవునమ్మా, డ్రైవరు టీ తాగడానికెళ్లాడు, కాసేపు నన్ను పట్టుకోమన్నాడు," అన్నాను. వాళ్లమ్మ ముందు నవ్వింది, తర్వాత పాపను కిటికీ వైపు కూర్చోబెట్టుకుంది.

మాలిని చక్రం ఒళ్లో పెట్టుకుని అప్పుడే నిద్రపోయింది. గోళ్లలో గ్రీజు, పెళ్లివాళ్లు ఇచ్చిన ఉడకబెట్టిన గుడ్డు పొట్లం పక్కన. ఇపో వెళ్లినవాళ్లు గుహల్లో గుళ్లు చూస్తారు, మొలకెత్తిన పెసలతో కోడికూర తింటారు, కాఫీ పొడి కొనుక్కుని వస్తారు. వెళ్లండి, అన్నీ బాగుంటాయనే విన్నాను. మేం ఒక్కటీ చూడలేదు. ఒక మనిషి బతికుండటం చూసి వచ్చాం. రైలు ఛార్జీలకి ఇంతకంటే మంచి చోటు నేనైతే ఎరగను.

తంజుంగ్ మాలిమ్ దాటాక పార్వతి ఫోను చేసింది.

"సక్రం ఎక్కడెట్టినారు?"

"పిల్ల ఒళ్లో ఉంది."

"పిల్ల సేతులు పట్టుకునుందా?"

నిద్రలో కూడా మాలిని వేళ్లు చక్రం చుట్టూనే ఉన్నాయి. అవునన్నాను.

"అలాగే ఉండనీ," అంది పార్వతి. "లేపకు."