ఆది జాకెట్టు

పోయిన నెల మొదటి శనివారం సాయంత్రం నాలుగూ నలభైకి టైలరు ఫోన్ చేసింది. "మేడమ్, మీ జాకెట్టు అయిపోయిందండి. ఆరింటిదాకా ఉంటా" అంది. నేను అప్పుడే బడి నుంచి వచ్చి ఒక చెప్పు విప్పాను. రెండోది విప్పకుండా మొదటిదే మళ్లీ తొడుక్కుని బయల్దేరాను. నందిగామలో ఇలాంటి ఫోన్లు రోజూ ఎన్నో ఇళ్లకు వస్తాయి, వాటికి ఎవరూ పరుగెత్తరు. నా కంగారు కొత్త జాకెట్టు కోసం కాదు, దానితోపాటు ఆదిగా ఇచ్చిన పాతదాని కోసం. ఒంటికి సరిగ్గా పట్టిన జాకెట్టు ఒకటి పక్కన ఉంచుకుని, కొత్త గుడ్డ కొన్నప్పుడల్లా దీని కొలతకు కుట్టమని ఇస్తాం కదా, అదే ఆది. నాకు అలాంటిది ఒక్కటే మిగిలింది. దాన్ని కుట్టిన మా వదిన చనిపోయి ఎనిమిది నెలలైంది. పది రోజులుగా అది పరాయివాళ్ల దగ్గర ఉందన్న సంగతి, పాఠం చెబుతున్నా, అన్నం తింటున్నా, గుర్తుకొస్తూనే ఉంది. అడిగి తెచ్చేసుకుందామని రెండుసార్లు ఆ సందు మొదటిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఏం చెప్పి అడగాలో తెలియలేదు.

నా ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు. ముప్పై ఏళ్లకు పైగా నల్లబల్ల పై సగాన్ని పిల్లల చేత రాయించుకుంటూ నెట్టుకొచ్చిన టీచరును. ఎత్తు గురించి నాకు బాధ లేదు కానీ బట్టల గురించి భయం ఉంది. పొడుగువాళ్లకు ఇది అర్థం కాదు. అందరికీ మోకాలి దాకా వచ్చే కుర్తా నాకు పిక్కల దాకా వస్తుంది. భుజం కుట్టు మోచేతి వైపు జారుతుంది. నడుం దగ్గర సన్నగా ఉండాల్సిన చోటు తుంటి మీద కూర్చుంటుంది. చేతులు మడుచుకుంటే పనిలోకి దిగినట్టుంటుంది, మడవకపోతే వేళ్లు కనపడవు. ఒకసారి విజయవాడలో పెద్ద బట్టల షాపులో అన్నిటికంటే చిన్న సైజు అడిగితే, అక్కడి అమ్మాయి నన్ను మర్యాదగానే చూసి, "పిల్లల సెక్షను పై ఫ్లోరండి మేడమ్" అంది. వెళ్లాను. నిజంగానే పట్టేది ఒకటి దొరికింది, లేత నీలం రంగు, జేబు మీద చిన్న సీతాకోకచిలుక. ఆ సీతాకోకచిలుకను ఇంట్లో విప్పేసి బడికి వేసుకెళ్తే, ఎనిమిదో తరగతి పిల్ల నిలబడి, "మేడమ్, నాక్కూడా ఇదే ఉందండి. మీ బటర్‌ఫ్లయ్ ఊడిపోయినట్టుందే" అంది. ఆ తరువాత దాన్ని నేను మళ్లీ వేసుకోలేదు.

చీర అయినా ఇదే గొడవ. చీర పన్నా, ఆ వెడల్పు, అందరికీ ఒకటే. నాకు మిగిలిందంతా నడుములో దోపుకోవాలి. దోపుకున్నది పొట్ట మీద మూటలా లేస్తుంది. ముందు నుంచి చూస్తే చీర నడిచి వస్తున్నట్టుంటుందని మా అన్నయ్య అనేవాడు. ఈ గొడవకు ఒక దారి చూపించింది మా వదిన. ఆవిడ ఇల్లు జగ్గయ్యపేటలో, ముక్త్యాల రోడ్డు వైపు. వరండాలో కాలి మిషను ఉండేది. చుట్టుపక్కల వాళ్లకు కుట్టేది, ఆదివారం గుడికి, అంటే చర్చికి, వెళ్లొచ్చాక మాత్రం దాని మీద గుడ్డ కప్పేసేది. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. నేను కొత్త గుడ్డ చేతపట్టుకుని చిల్లకల్లు దగ్గర హైవే మీద బస్సు దిగి, ఆటోలో వాళ్లింటి ముందు దిగేసరికి గుమ్మంలోనే మొదలుపెట్టేది. "ఏమ్మాయ్, ఇది డ్రెస్సా, దుప్పటా? లోపల నువ్వున్నావని ఎట్టా తెలుసుద్ది?" అనేది. సంచిలోంచి గుడ్డ తీసి రెండు చేతులా పట్టుకుని చూసేది. "ఇంతింత పువ్వులేంటి? రెండు పువ్వులు పడితే నీ ఒళ్లు అయిపోద్ది. మూడోది ఎక్కడ పెట్టమంటావు?"

వదినకు టేపు ఉండేది కానీ అది మిషను సొరుగులోనే ఉండేది. నన్ను వెనక్కి తిప్పి నిలబెట్టి, జాన పెట్టి, దాని పక్కన రెండు వేళ్లు పెట్టి, "సరే, కూర్చో" అనేది. ఏదీ రాసుకునేది కాదు. చీర ఇస్తే, కుచ్చిళ్ల వైపు నడుములోకి పోయే పై అంచును నాలుగంగుళాలు కత్తిరించి, ఆ అంచునే జాకెట్టు చేతులకు వేసేది. "డబ్బులు పోసి కొన్న అంచు పొట్టలో దాచుకుంటే ఎవడు చూస్తాడు?" అనేది. కత్తెర పడ్డ మొదటి చీరకు నేను ఏడుపు మొహం పెట్టాను. కట్టుకుని అద్దంలో చూసుకున్నాక, నా నడుము ఎక్కడుందో నాకు మొదటిసారి కనిపించింది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. స్టాఫ్ రూములో ఎవరు కుట్టారని అడిగారు. నేను చెప్పలేదు. చెబితే అందరూ జగ్గయ్యపేట వెళ్తారేమోనని భయం. ఆ మాట వదినతో అంటే, "అంత స్వార్థం ఇంత చిన్న ఒంట్లో ఎట్టా పట్టిందే" అని నవ్వింది.

చివరి మూడేళ్లు మోకాళ్లు సహకరించక ఆవిడ మిషను తొక్కలేదు. అంతకుముందు కుట్టినవి వేసుకుని వేసుకుని చంకల దగ్గర పిగిలిపోయాయి. ఆఖరున కుట్టిన ముదురు ఆకుపచ్చ జాకెట్టు ఒక్కదాన్నే ఆదికని పక్కన పెట్టాను. ఆవిడ పోయాక ఎనిమిది నెలల పాటు కొత్త గుడ్డ కొనలేదు, అందుకని దాన్ని ఎవరికీ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. ఈలోపు వదిన కూతురు, నా మేనకోడలి ప్రధానం కుదిరింది. నిశ్చితార్థాన్ని మా గుళ్లో అలాగే అంటారు. అబ్బాయి వాళ్లు తెచ్చే చీర పళ్లేన్ని అమ్మాయి తల్లి అందరి ముందూ నిలబడి అందుకోవాలి. మేనకోడలు ఫోన్ చేసి, "అత్తా, అమ్మ ప్లేసులో నువ్వే నిలబడాలి" అంది. సరేనన్నాను. మళ్లీ తనే, "అబ్బాయి వాళ్లందరూ పొడుగు. నువ్వు భుజం పట్టుకుని సర్దుకుంటా నిలబడకు, ఫోటోల్లో అదే పడుద్ది" అంది. అది నా అలవాటు. వదులు జాకెట్టు వేసుకున్న రోజున ఎడమ చెయ్యి తనంతట తానే కుడి భుజం మీదికి వెళ్తుంది. రెండు చేతులతో పళ్లెం పట్టుకుంటే ఇక సర్దుకోవడానికి చెయ్యి ఉండదు. వదిన నిలబడాల్సిన చోట నేను జారిపోతున్న భుజాలతో నిలబడతానన్న ఆలోచన వచ్చాక నాకు సరిగా నిద్ర పట్టలేదు.

బస్టాండు వెనక సందులో ఉన్న ఈ టైలరు పేరు మా స్టాఫ్ రూములోనే చెప్పారు. ముప్పై ఏళ్లుంటాయి, మంచి చెయ్యి. పది రోజుల ముందు వెళ్లినప్పుడు షాపు నిండా జనం. అంతమందిలో వదిన గురించి చెప్పడం ఇష్టం లేక, కొత్త గుడ్డా పాత జాకెట్టూ ఒకే సంచిలో పెట్టి, తేదీ మాత్రం చెప్పి వచ్చేశాను. అదే నేను చేసిన తప్పు. మా వైపు ఆడవాళ్లు ఒళ్లు చేసి బిగుతైపోయిన జాకెట్లను కూడా కొత్త గుడ్డతో కలిపి అదే సంచిలో పెట్టి ఇస్తారు, విప్పి వదులు చెయ్యమని. ఏది దేనికో నోటితో చెప్పాలి. నేను చెప్పలేదు.

ఆ శనివారం నేను వెళ్లేసరికి టైలరు ఒక్కతే ఉంది. కౌంటరు మీద రెండు జాకెట్లు, రెండూ ఇస్త్రీ చేసి ఉన్నాయి. ఆకుపచ్చది చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది. వెడల్పుగా ఉంది.

"దీన్ని ఏం చేశావమ్మా?"

"వదులు చేసానండి" అంది సంతోషంగా. "లోపల గుడ్డ బాగా వదిలారండి, రెండేసి వేళ్లు. పక్కలూ, చేతులూ, భుజాలూ అన్నీ విప్పి మళ్లీ కుట్టా. కొత్తది కూడా దీని కొలతకే కోసా."

"ఎవరు విప్పమన్నారు?"

ఆ అమ్మాయి నా మొహం చూసింది. "ఎవరూ అన్లేదండి. పెద్దవాళ్లు కదా, ఇంత చిన్న కొలత ఎప్పుడో వయసులో ఉన్నప్పటిది అయ్యుంటది, ఇప్పుడు పట్టక ఇచ్చారనుకున్నా. ఆదికిచ్చారా అండి ఇది?"

అవునన్నాను. నా కొలత కాగితం మీద ఎక్కడా లేదు. ఇన్నేళ్లూ అది వదిన వేళ్లకు తెలుసు, ఆ తరువాత ఈ కుట్లకు తెలుసు. ఆ కుట్లు ఇప్పుడు చిన్న చిన్న దారం ముక్కలై మిషను కింద ఎక్కడో చీపురుకు పోయి ఉంటాయి. ప్రధానానికి ఐదు రోజులుంది. నాకు ప్రధానం కంటే దారం ముక్కలే గుర్తొస్తున్నాయని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను కానీ, అదే నిజం.

నేను అరుస్తాననుకుందో ఏడుస్తాననుకుందో, టైలరు జాకెట్టు నా చేతిలోంచి తీసుకుని లోపలివైపు తిరగేసింది. ట్యూబులైటు కిందికి పట్టుకెళ్లింది. "ఇటు రండి మేడమ్" అంది. పాత కుట్టు ఉన్న చోట సూది రంధ్రాలు వరసగా అలాగే ఉన్నాయి. ఆ వరసకు ఇవతల గుడ్డ వెలిసింది, అవతల లోపల మడతలో ఉండిపోయిన గుడ్డ మాత్రం కొత్తదానిలాగే ముదురుగా ఉంది. గీత గీసినట్టుంది. "ఎవరో గానీ చాలా దగ్గర కుట్టండి. దీని మీదే వేసేస్తా, వెంట్రుకవాసి కూడా తేడా రాదు. కూర్చోండి" అంది. కూర్చున్నాను. తను కుట్టిన కుట్టంతా తనే విప్పి, మళ్లీ ఆ రంధ్రాల మీదుగా మెల్లగా మిషను నడిపింది. ముప్పావుగంట పట్టింది. మధ్యలో ఇద్దరు ఆడవాళ్లొచ్చి వాళ్ల బట్టలడిగితే, "రేపు రండి పిన్నీ, పనిలో ఉన్నా" అని తల ఎత్తకుండానే పంపించేసింది.

పరదా వెనక్కి వెళ్లి వేసుకున్నాను. హుక్సు పెట్టుకుంటుండగానే ఏదో తేడాగా అనిపించింది. భుజం జారింది. పక్కన రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంది. టైలరు తప్పు కుట్టిందనుకుని విప్పి రంధ్రాలు చూశాను. కుట్టు సరిగ్గా వాటి మీదే ఉంది. మళ్లీ వేసుకున్నాను. మళ్లీ జారింది. బయటికొస్తే ఆ అమ్మాయి నన్ను చుట్టూ చూసింది.

"ఎప్పుడు కుట్టించారండి ఇది?"

"మూడేళ్లు దాటింది."

"మీరు తగ్గారు మేడమ్" అంది. "షుగరేమన్నా ఉందా?"

లేదన్నాను. వేరే ఊళ్లో ఉండే నా కూతురు ఇంటికి వచ్చినప్పుడే వంట చేస్తున్నాను, మిగతా రోజులు ఏదో ఒకటి తింటున్నాను, అంతే. దాన్ని ఒక జబ్బులాగా ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ అనుకోలేదు. వదిన ప్రతి జాకెట్టులోనూ లోపల అంతంత గుడ్డ వదిలేది. "నలభై దాటనీ, నువ్వూ ఒళ్లు చేస్తావు, అప్పుడు నన్ను తిట్టుకోకు" అనేది. ఇన్నేళ్లూ ఆ గుడ్డంతా నేను లావెక్కుతానన్న నమ్మకంతో వదిలిందే. తగ్గుతానని ఆవిడకు తోచలేదు. తోచినా దానికి చెయ్యగలిగింది ఏమీ లేదు, తగ్గే ఒంటికి ముందుగా ఏ గుడ్డా వదలలేరు.

టైలరు మెడలో వేలాడుతున్న టేపు తీసింది. "ఒళ్లు కొలుస్తానండి, ఆదితో పనిలేదు. చేతులు కొంచెం ఎత్తండి." ఎత్తాను. టేపు చల్లగా తగిలింది. "ఊపిరి బిగబట్టకండి మేడమ్. మామూలుగా ఉండండి" అంది. మామూలుగా ఉండటానికి రెండు మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఒక్కో అంకె పైకి చదువుతూ నోటుబుక్కులో రాసుకుంది. భుజం దగ్గర ఆగి మళ్లీ కొలిచి, "ఎడమది కొంచెం కిందికుంది. ఎవరూ చెప్పలేదా?" అంది. వదిన చెప్పలేదు. ఇన్నేళ్లూ ఎడమవైపు కొద్దిగా ఎత్తి కుట్టేదేమో. ఇంటికెళ్లాక ఆ పాత జాకెట్టును మంచం మీద పరిచి రెండు భుజాలూ కలిపి చూశాను. అర అంగుళం తేడా ఉంది.

మంగళవారానికి కొత్తదాన్ని ఆ అంకెలకు సరిచేసి ఇచ్చింది. గురువారం జగ్గయ్యపేటలో గుడి నిండా జనం. అబ్బాయి వాళ్ల పెద్దమ్మ పళ్లెం అందిస్తూ నా కోసం కొంచెం వంగింది. రెండు చేతులా అందుకున్నాను. చీర, పూలు, పసుపు రంగు డబ్బాలో మిఠాయి ఉన్నాయి, బరువుగానే ఉంది. పాస్టరు గారి ప్రార్థన పొడుగ్గా సాగింది. అంతసేపూ భుజం గురించే ఆలోచిస్తూ నిలబడ్డాను. అది కదల్లేదు. ఆమెన్ అన్నాక మేనకోడలు దగ్గరికి వచ్చి, నా పమిట పిన్నీసు సరిచేస్తున్నట్టు చెయ్యి భుజం మీద వేసి, "ఎవరు కుట్టారత్తా?" అంది.

"నందిగామలో కుట్టించా."

"బాగుంది" అంది. ఇంకేదో అనబోయి ఫోటో వాళ్లు పిలిస్తే వెళ్లిపోయింది.

ఒకరు పోయిన తరువాత ఎనిమిది నెలల్లో మిగిలినవాళ్ల ఒళ్లు ఎంత మారుతుందో నాకు ఆ పరదా వెనక తెలిసింది. ఆకుపచ్చ జాకెట్టు బీరువాలో ఉంది. దాన్ని ఇప్పుడు ఆదిగా ఎవరికీ ఇవ్వడం లేదు.