అత్తమ్మ బుగ్గలో తెల్లమచ్చ

మా అత్తమ్మకు పన్ను నొప్పి రాకపోతే ఆ మచ్చ సంగతి మాకెవ్వరికీ తెలిసేది కాదు.

తొంభైల మొదట్లో మాట. మామయ్య పోయాక ఆమె మోతె దగ్గరి తమ ఊరు విడిచి సూర్యాపేటలో మా కిరాయి ఇంటికి వచ్చింది. మా ఆయన మిర్యాలగూడలో రైసు మిల్లులో పనిచేస్తూ ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. మిగతా రోజులు ఇంట్లో మేమిద్దరమే. నాది కోదాడ. నా మాటతీరు విని ఆమె తెగ నవ్వేది. నాట్లకు పోయిన వయసు నుంచీ ఆమెకు చుట్ట అలవాటు. పొద్దున చాయ్ తాగి గడప దగ్గర కూర్చుని వెలిగించేది. ఆరిపోయాక కూడా దాన్ని కుడి బుగ్గనే పెట్టుకుని ఉండేది.

పన్ను వాచి అన్నం మానేస్తే బతిమిలాడి పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన పన్ను పీకాడు గానీ లైటు మాత్రం ఆర్పలేదు. బుగ్గను పక్కకు లాగి చాలాసేపు చూశాడు.

"ఈడ మంట అయితదా అమ్మా?"

"కారం ఎక్కువైతే జర సురుక్కుమంటది. గంతే."

ఆమెను బయట కూర్చోబెట్టి నాతో చెప్పాడు. "బుగ్గ లోపల తెల్లమచ్చ ఉన్నదమ్మా. ఇయ్యాలకు భయం లేదు. కాని గిసొంటివి కొన్ని ముదిరి క్యాన్సర్ అయితయ్. ఏది అయితదో ముందుగాల చెప్పలేం. చుట్ట మాన్పించు. ఆరు నెలలకోసారి తీసుకొచ్చి చూపియ్యి. నొప్పి వచ్చేదాక ఆగొద్దు. మొదట్ల నొప్పే ఉండదు."

కావచ్చు, కాకపోవచ్చు. ఆ మాటే నన్ను పట్టుకుంది. ఏదో ఒకటి తేల్చి చెప్పినా బాగుండుననిపించింది. ఆమె ఆవలిస్తే నోట్లోకి తొంగి చూసేదాన్ని. ఒక పక్కనే నములుతోందా, నీళ్లు మింగేటప్పుడు మొహం చిట్లించిందా అని కనిపెట్టుకుని ఉండేదాన్ని.

"ఏంది పిల్లా, నా నోట్లె ఏమన్న సినిమా ఆడుతున్నదా?" అనేది.

చుట్ట తగ్గించింది గానీ మానలేదు. నా కంట పడకుండా పెరట్లో తాగేది. వాసన నాకు తెలిసేది.

ఆరు నెలలయ్యాక దవాఖానకు పోదామంటే కోపం చేసింది. "నొప్పి లేదు, గిప్పి లేదు. బాగున్న నోరు వాళ్లకెందుకు సూపెట్టాలె?" చివరికి మా అమ్మగారింటికి కోదాడ పోదామని చెప్పి బయల్దేరదీసి, దారిలో డాక్టరు దగ్గర ఆపాను. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మచ్చ మొదట ఎంత ఉందో అంతే ఉందన్నాడాయన. నేను మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ తరువాతిసారి సణుగుతూనే తనంతట తానే వచ్చింది. డాక్టరు వేలు మచ్చ అంచు దగ్గర ఆగింది. మళ్లీ తడిమాడు.

"ఇక్కడ ఎర్రగ, గట్టిగ ఉన్నది. పట్నం పోండ్రి. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తరు."

మా ఆయన మిల్లుకు సెలవు పెట్టి వచ్చాడు. "అమ్మకు చెప్పకు" అన్నాడు. పెద్ద దవాఖానలో ముక్క తీసి, ఫలితం వచ్చేదాకా ఇంటికి పొమ్మన్నారు. ఆ ఎదురుచూపు పగవాళ్లకూ వద్దు. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. వీధిలో సైకిలు గంట మోగితే ఫలితం తెచ్చిన పోస్టుమ్యానేమోనని ఉలిక్కిపడేదాన్ని.

ఒక సాయంత్రం ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఆమే అడిగింది.

"రాచపుండేనా బిడ్డా?"

నేను ఒలిచిన కాయనే మళ్లీ ఒలవబోయాను.

"దాయకు. నా నోరు నాకు తెల్వదా? నాలుగు దినాలాయె, చుట్ట ముట్టుకోలే. సూశినవా?"

నేను చూడనే లేదు. అంత కనిపెట్టుకుని ఉన్నదాన్ని, అది మాత్రం నా కంట పడలేదు.

"ఇంకా తెలియదు అత్తమ్మా" అని ఏడ్చేశాను. ఆమె నా చేతిలోంచి చిక్కుడుకాయలు తీసుకుని తనే ఒలిచింది.

క్యాన్సరే. కానీ చాలా చిన్నదన్నారు. "ఎవరు చూసి పంపారు? నొప్పి మొదలయ్యాక వచ్చేవాళ్లే మాకు ఎక్కువ" అని ఆ పెద్ద డాక్టరు మా ఆయన భుజం తట్టాడు. బుగ్గలో ఆ మేర కోసి తీసేశారు. చాలా రోజులు గంజి, పాలు. మాట కొంచెం ముద్దగా వచ్చేది, నోరు మునుపటంత తెరుచుకునేది కాదు. కానీ మనిషి దక్కింది.

తరువాత కూడా మా పండ్ల డాక్టరుకు చూపించుకోవడం ఆగలేదు. ఆమె కుర్చీలో కూర్చుంటే నేను కిటికీ వైపు తిరిగి, డాక్టరు గొంతు వినబడేదాకా రోడ్డు మీద పోయే బండ్లు లెక్కపెట్టేదాన్ని.

ఒకసారి ఆమె మోతె నుంచి తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది. చిన్నత్తమ్మదీ చుట్ట అలవాటే. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీ ఎక్కనని మొండికేసింది.

"నోరు తెరువే! నన్ను సూడు, బతికి లేనా?" అని అత్తమ్మ కసిరింది.

తెరిచింది. డాక్టరు లైటు దగ్గరికి లాక్కుని ఎడమ బుగ్గ చూసి నా వైపు తిరిగాడు. అక్కడా తెల్లగా ఉంది. ఇప్పటికి భయం లేదు, ఆరు నెలలకు మళ్లీ తీసుకురమ్మన్నాడు. చిన్నత్తమ్మను మోతెలో దింపిరావడానికి ఎక్కిన బస్సులో అక్కాచెల్లెళ్లు పంట సంగతులు మాట్లాడుకుంటుంటే, నేను చిన్నత్తమ్మ నోటి వైపే చూస్తూ కూర్చున్నాను.