ముల్లు గీసింది నేనే

2022 వర్షాకాలం. గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. లోపలి ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు చేయమని నన్ను పిలిచారు. అప్పటిదాకా తలుపు దగ్గర వేలాడే ఒక్క థర్మామీటరే వాళ్ళకు దేవుడు. అక్కడ చల్లగా ఉంటే గదంతా చల్లగా ఉన్నట్టే లెక్క.

నేను చేసేది వర్చువల్ ఇన్‌స్ట్రుమెంటేషన్. పేరు పెద్దది గానీ సంగతి సులువే. గదిలో అక్కడక్కడా సెన్సర్లు పెడతాం. వాటి వైర్లు డాక్ అనే చిన్న పెట్టెలోకి వస్తాయి. అది సిగ్నల్‌ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి ఇస్తుంది. మీటరంటూ విడిగా ఉండదు. డయలూ, ముల్లూ తెర మీద మేమే గీసుకుంటాం.

యజమాని తెర చూసి నవ్వాడు. "ఇది మీటరా, బొమ్మా, అమ్మాయ్?"

నాకు ఒళ్ళు మండింది. ఒక సెన్సర్‌ని ఆయన గుప్పిట్లో పెట్టాను. "గట్టిగా పట్టుకోండి సార్." ముల్లు చకచకా పైకి లేచింది. ఆయన నవ్వు ఆగింది.

మర్నాడు ప్రత్తిపాడు నుంచి మస్తానమ్మ అనే కౌలు రైతు వచ్చింది. అమ్మకానికి శాంపిల్ తీయిస్తే, ఆమె కాయ తెల్లబడి బూజు వాసన కొడుతోంది.

"నీళ్ళు చల్లి తెస్తే మేమేం చేస్తాం?" అన్నాడు యజమాని.

టిక్కీల్లో, అంటే బస్తాల్లో, తొక్కేటప్పుడు కాయ విరక్కుండా కొందరు నీళ్ళు చిలకరిస్తారు. అందుకే ఆ నింద ఎవరి మీద వేసినా ఇట్టే అతుక్కుంటుంది. అది పడిందంటే ఆమెకు నష్టపరిహారం రాదు. వచ్చే ఏడు మిర్చి యార్డులో ఆమె సరుకుని నమ్మేవాడూ ఉండడు.

"కళ్ళంలో కాయతో పాటు నేనూ ఎండానయ్యా! గలగలలాడే కాయ తెచ్చి మీ చేతుల్లో పెట్టా. ఈ మాట మాత్రం పడను" అంది మస్తానమ్మ.

నేను తెర వంక చూశాను. అన్ని ముళ్ళూ బుద్ధిగానే ఉన్నాయి. ఆమె సరుకున్న వెనక మూల ముల్లు మాత్రం వేడికి హద్దుగా నేను గీసిన ఎర్రగీత దాటి ఉంది. లోపలికెళ్ళి చూస్తే కారణం కళ్ళ ముందే కనపడింది. సీజన్ చివర్లో వచ్చిన లారీని తిప్పి పంపితే ఆ రైతు ఇంకో గోదాముకి అలవాటు పడతాడని, కూలర్ ముందు గాలికి వదలాల్సిన దారిలో కూడా టిక్కీలు పేర్చేశారు. చల్లగాలి వెనక్కి పోయే సందే లేదు. ఆ ఉక్కకే అక్కడి కాయ రంగు పోయి బూజు పట్టింది.

సంగతి చెబితే యజమాని నన్ను పక్కకి పిలిచాడు.

"ముల్లు గీసింది నువ్వే కదమ్మా. ఆ ఒక్కటీ కాస్త కిందకి గీయి. లేదా అన్నీ కలిపి సగటు చూపించు."

అదేమంత కష్టమైన పని కాదు. కష్టం కాదని ఆయనకి తెలిసిపోయినందుకే నాకు కోపం వచ్చింది.

"గీసింది నేనే సార్. దాన్ని కదిపేది మాత్రం మీ గది. నేను మార్చను."

"అయితే ఇంకొకర్ని పిలుస్తా."

"పిలవండి. ఈలోపు ఆ దారి ఖాళీ చేయించండి. ముల్లు దిగిందంటే తప్పు గదిది, మస్తానమ్మది కాదు." ఆఫీసులో కూర్చున్న రైతులందరికీ వినపడేలా అన్నాను.

"తీయించండయ్యా, మా సరుకూ ఆ గదిలోనే ఉంది" అంటూ వాళ్ళు లేచారు. ఇక ఆయనకి తప్పలేదు. హమాలీలు దారిలోని టిక్కీలు బయటికి మోశారు. నేను తెరని రైతుల వైపు తిప్పాను. మస్తానమ్మ దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చుంది.

చాలాసేపు ఆ ముల్లు మొండికేసింది. లోపల నాకూ బెరుకుగానే ఉంది. సాయంత్రానికి అది ఎర్రగీత కిందకి దిగింది.

"ఇప్పుడనండయ్యా, నీళ్ళు చల్లానని!" అంది మస్తానమ్మ లేచి నిలబడి.

అంతమంది ఎదుట ఆయన నష్టం భరిస్తానని ఒప్పుకున్నాడు. నాకు మాత్రం ఆ గేటు నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. రాకపోతే పీడా పోయింది.

పాత మీటరు ముల్లుని వంచాలంటే అద్దం పగలగొట్టాలి. నా ముల్లుని వంచాలంటే నన్ను లొంగదీస్తే చాలు. ఆ సంగతి నాకు అక్కడే తెలిసొచ్చింది. అందుకే ఇప్పుడు ఏ గోదాములో పని ఒప్పుకున్నా ముందే ఒక షరతు పెడతాను: తెర రైతులు కూర్చునే వైపుకే ఉండాలి. కుదరదంటే వైర్లు చుట్టుకుని వచ్చేస్తాను.