సత్తార్ భాయ్ కట్టిన ఆకుపచ్చ డబ్బా

మా ఇంట్లో పూజ జరిగేటప్పుడు నేను దేవుణ్ణి చూడను, అగరబత్తి పొగను చూస్తాను. అమ్మ గంట కొడుతుంది, హారతి ఇస్తుంది, నేను కళ్ళకద్దుకుంటాను. కానీ ధ్యాసంతా ఆ సన్నటి పొగ ఎటు పోతోందన్న దాని మీదే ఉంటుంది. వంటింటి కిటికీ తెరిచి ఉంటే ఎడమకు వంగుతుంది. ఫ్యాన్ వేస్తే చెదిరిపోతుంది. తలుపులన్నీ మూసేస్తే నిటారుగా లేచి, పైకప్పు దగ్గర ఇక ఏం చేయాలో తోచనట్టు చుట్టలు చుట్టుకుంటుంది. అమ్మ దీన్ని భక్తి అనుకుంటోంది. నేను సరిదిద్దలేదు. ఆ మల్లెల వాసన ముక్కుకు తగలగానే నాకు వన్‌టౌన్‌లో ఒక రేకుల కొట్టు, అందులో చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని పీట మీద కూర్చున్న సత్తార్ భాయ్ గుర్తొస్తారు. ఆయన మీకెవరికీ తెలిసే అవకాశం లేదు. ఆయన కట్టిన కూలర్లు ఈ ఊళ్ళో కొందరి ఇళ్ళలో ఇంకా తిరుగుతూ ఉండవచ్చు. కాకపోతే కూలర్ మీద కట్టినవాడి పేరు ఉండదు.

అప్పట్లో సీతమ్మధారలో మూడో అంతస్తులో, పడమటి ఎండంతా మాకే రాసిచ్చినట్టున్న ఒక అద్దె వాటాలో ఉండేవాళ్ళం. నేను స్టూడియోల వాళ్ళకు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి పెట్టేవాణ్ణి. ఇంజనీరింగ్ చదివాను గానీ, అది ఈ పనికి పెద్దగా అడ్డు రాలేదు. చేతిలో ఉన్నంతలో ఒక చవక ప్రాసెసర్ కొని, దాన్ని కంపెనీ నిర్ణయించిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపించేవాణ్ణి. ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఆటో ఇంజన్ చేత లారీ లాగించడం లాంటిది. లాగుతుంది, కాకపోతే కాగిపోతుంది. మరీ కాగితే తనను తాను కాపాడుకోవడానికి కంప్యూటర్ ఉన్నపళంగా ఆరిపోతుంది. ఆ మే నెలలో మాది జీలకర్ర బెల్లం దాకా బాగానే వచ్చేది, సరిగ్గా తాళి కట్టే ముందు ఆరిపోయేది. ఒకే వారంలో మూడు జంటలు నా గదిలో పెళ్ళి కాకుండా ఉండిపోయాయి. ఈ వారం దాటితే పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని స్టూడియో ఆయన చాలా మర్యాదగా చెప్పాడు.

లోపం ప్రాసెసర్‌ది కాదు, అది కూర్చున్న డబ్బాది. వేడి బయటికి పోయే దారి లేదు. గాలి బాగా ఆడే కేబినెట్ ఒకటి చవకలో దొరుకుతుందేమోనని ద్వారకా నగర్‌లో అప్పలరాజు షాపుకు వెళ్ళాను. అప్పలరాజు ఇంటర్‌లో నా బెంచీ. చుట్టరికమేమీ లేకపోయినా బావే. వాడు వరసగా అరడజను కేబినెట్లు చూపించాడు. అన్నిటికీ ముందు గాజు పలక, లోపల రంగురంగుల లైట్లు. ఇందులోకి గాలి ఎటునుంచి వెళ్తుందని అడిగాను.

"ఎల్తాది బావా, ఎక్కడో అక్కడినుంచి. ముందు నువ్వు లైట్లు సూడు," అన్నాడు.

ముందు జాలీ ఉన్నవి రెండే ఉన్నాయి. అవి నా స్తోమత తెలిసినట్టు పై అరలో కూర్చున్నాయి.

అదే వారం మా కూలర్ అడుగు తుప్పు పట్టి కారడం మొదలైంది. అమ్మ పంపితే దాన్ని ఆటోలో వేసుకుని వన్‌టౌన్ వెళ్ళాను. సత్తార్ భాయ్‌కి అప్పటికే అరవై దాటి ఉంటాయి. ఎవరొచ్చినా ముందు స్టూలు తుడిచి, ఆ గుడ్డను ఒకసారి చూసి, పోర్టు వైపు ఒకసారి చూసి, అప్పుడు కూర్చోమనేవారు. గుడ్డ ఎప్పుడూ నల్లగానే ఉండేది. టేపు పెట్టి కొలవడం నేను చూడలేదు, జానతో కొలిచేవారు. ఆయన అడుగు రేకు మారుస్తుంటే నేను ఫోన్లో అప్పలరాజుతో కేబినెట్ల గురించి గొణుగుతున్నాను. ఫోన్ పెట్టేశాక, అది ఏ డబ్బా, దేనికని అడిగారు. పెద్దాయనకు అర్థమయ్యేలా చెప్పాలని కాస్త తంటాలు పడ్డాను. ఆయన మధ్యలోనే తలూపారు.

"మరి అది కూలరే కదా బాబూ. నీళ్ళు లేని కూలరు."

నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో ఇంత సూటిగా చెప్పినవారు లేరు.

మర్నాడు కంప్యూటర్‌ను స్కూటర్ మీద పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన దాన్ని విప్పలేదు. ఆన్ చేయమని, ఒక అగరబత్తి వెలిగించి ముందు భాగానికి దగ్గరగా పట్టుకున్నారు. పొగ గాజు దాకా వెళ్ళి, కాసేపు నిలబడి, పక్కకు తిరిగి వెళ్ళిపోయింది.

"పొగే లోనికి ఎల్లనంటంది," అన్నారు. "ఫ్యాన్లు ఎన్నున్నాయని కాదు బాబూ అడగాల్సింది. దారి ఎక్కడుందని అడగాలి."

నాలుగు రోజుల్లో డబ్బా తయారైంది. కూలర్ రేకు. ముందువైపు కిందనుంచి పైదాకా జాలీ, వంటింట్లో పాలగిన్నెలు దాచే అలమరాకు వేస్తారే, అది. గాలి ముందు కిందిభాగం నుంచి వెళ్ళి, వేడెక్కి, వెనక పైభాగం నుంచి బయటికి రావాలి. ఆ రెండిటి మధ్యా అడ్డంగా ఒక్క వైరు కూడా ఉండకూడదని అన్నిటినీ పక్క రేకు వెనక్కి కట్టించారు. జాలీ వెనక దోమతెర గుడ్డ బిగించిన చట్రం ఒకటి, సొరుగులాగా లాగి ఉతుక్కోవడానికి. అదెందుకని అడిగితే, ఈ ఊళ్ళో హవా ఒంటరిగా రాదనీ పోర్టు బొగ్గు పొడిని వెంటబెట్టుకుని వస్తుందనీ చెప్పారు. సముద్రపు గాలి చల్లగా ఉంటుందని కంప్యూటర్‌ను కిటికీలో పెట్టే ఆలోచన నాకు ఉండేది. ఆ మాట అనగానే, మా పాత కూలర్ తుప్పు అడుగును కాలితో నా వైపు జరిపి ఊరుకున్నారు. ఉప్పుగాలి సంగతి అంతకన్నా వివరించనక్కర్లేదు.

అంతకు ముందు తొంభై అయిదు డిగ్రీలు చూపించిన ప్రాసెసర్ ఆ మధ్యాహ్నం డెబ్భై దాటలేదు. ముగ్గురు పెళ్ళికొడుకులూ సాయంత్రంలోగా తాళి కట్టేశారు. ఆ పని నాకే మిగిలింది. ఈ రోజు తింటున్న అన్నం కూడా ఆ పని నుంచి వచ్చిందే.

ఒక్కటే ఇబ్బంది, రంగు. కూలర్లకు వేసే ఆకుపచ్చ ఆయన దగ్గర మిగిలి ఉంది, అదే వేసేశారు. డబ్బా తెచ్చుకునే రోజు, కట్టినందుకు తీసుకున్నది కాక, ఆయన నన్ను ఇంకొకటి అడిగారు. అడగడానికి ముందు స్టూలు మళ్ళీ తుడిచారు.

"కూలర్లు ఎవులూ కట్టించుకోటం లేదు బాబూ. అందరికీ ఏసీలే. సేతులేమో ఊరుకోవు. దీన్ని ద్వారకా నగర్‌లో ఓపాలి సూపించు. బాగుందంటే పది సేసి పెడతాను."

తప్పకుండా చూపిస్తానన్నాను. ఆ మాట అన్నప్పుడు అబద్ధం కాదు.

తీసుకెళ్ళాను కూడా. అప్పలరాజు షాపు ముందు స్కూటర్ ఆపి డబ్బా దించుతుంటే వాడు లోపలినుంచే చూశాడు. షాపులో నలుగురైదుగురు కాలేజీ కుర్రాళ్ళున్నారు.

"ఏటి బావా, రేషన్ డిపో పెడతన్నావా? కిరసనాయిలు డబ్బా తెచ్చావు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో ఆగినా బాగుండేది. వన్‌టౌన్‌లో ఒక ముసలాయన కాలక్షేపానికి చేశాడని, తుక్కుకు ఇవ్వడానికి తీసుకెళ్తున్నానని నేనే చెప్పాను. ఈ రెండో మాటకు ఇంకా బాగా నవ్వారు. నా జోకులకు జనం నవ్వితే నాకు ఇష్టం. ఆ రోజు వాళ్ళ నవ్వు ఆగేదాకా ఉండి, డబ్బా మళ్ళీ స్కూటర్ ఎక్కించుకుని ఇంటికొచ్చేశాను. ఆన్ చేయలేదు. అగరబత్తి జేబులోనే ఉండిపోయింది.

భాయ్‌కి ఫోన్ చేసి, షాపువాళ్ళు ఆలోచించి చెప్తామన్నారని చెప్పాను. సంతోషించారు. ఆలస్యం కాకుండా ముందు జాలీలు పదింటికీ కోసి ఉంచుతానన్నారు. వద్దని చెప్పడానికి అది మంచి సమయం. నేను సరేనన్నాను.

ఆ చలికాలంలో స్టూడియో ఆయన మా ఇంటికి వస్తానన్నాడు. ఆకుపచ్చ డబ్బా ఆయన కంటబడకూడదని, అప్పలరాజు దగ్గర తగ్గింపులో ఉన్న గాజు కేబినెట్ కొన్నాను. మూడు రంగుల లైట్లు. అందులో పెట్టాక ప్రాసెసర్ మళ్ళీ కాగడం మొదలెడితే వేగం తగ్గించి పెట్టాను. లైట్లు మాత్రం చాలా వేగంగా మారేవి. ఆకుపచ్చ డబ్బా బాల్కనీలోకి వెళ్ళింది. ఖాళీగా ఉందని అమ్మ అందులో ఉల్లిపాయలు పోసింది.

వేసవికి కూలర్ గడ్డి మార్చడానికి మనిషిని పంపమని అమ్మ ఫోన్ చేసింది. మనిషెవరూ లేరని భాయ్ ఆయనే వచ్చారు. మూడంతస్తులు ఎక్కి, నీళ్ళు తాగి, బాల్కనీలోకి వెళ్ళారు. నేను వెనకాలే వెళ్ళాను గానీ అప్పటికే చూసేశారు. వంగి, జాలీలోంచి ఒక ఉల్లిపాయను వేలితో తట్టారు.

"ఇందులో కుళ్ళవు బాబూ," అన్నారు. "హవా బాగా ఆడతాది."

ఎత్తిపొడుపేమోనని మొహంలోకి చూశాను. అలాంటిదేమీ లేదు. పనితనం ఎక్కడ పనికొచ్చినా దాన్ని గమనించే మనిషి, అంతే. గడ్డి మార్చడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ అడిగారు.

"ఆళ్ళకి ఏటి నచ్చలేదో సెప్పు బాబూ. సరి సేత్తాను."

దానికి ఏ లోపమూ లేదు. ఎవరూ దాన్ని చూడనేలేదు. ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను ఆ నిమిషమంతా ఆలోచించి, రంగు అన్నాను.

"రంగేనా?" ఆయన మొహం తేటపడింది. "ముందే సెప్పకూడదేటి? నలుపు నా కాడుంది కదా."

గుడ్డ దులిపి భుజాన వేసుకుని దిగి వెళ్ళిపోయారు. మెట్ల మీద మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం వినిపించింది. వెళ్ళి నిజం చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడంలో నాకు లోటెప్పుడూ లేదు. పెళ్ళిళ్ళ సీజను, ఆ తర్వాత వానలు, ఆ తర్వాత ఇంకేదో. కార్తీక మాసంలో వెళ్ళేసరికి కొట్టుకు తాళం ఉంది. పక్కన బట్టలు కుట్టే ఆయన మిషను ఆపి, వానల్లో జ్వరమొచ్చి పోయారని చెప్పాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, సీతమ్మధార బాబువా అని అడిగాడు. అవునన్నాను. లోపలినుంచి పేపర్లో చుట్టిన కట్ట ఒకటి తెచ్చి ఇచ్చాడు.

పది జాలీలు. నల్లరంగు. అంచుల్లో, మడతల్లో, తీగ తీగకూ మధ్య ఎక్కడా మచ్చ మిగలకుండా రెండు పూతలు వేశారు.

ఇంటికొచ్చి ఉల్లిపాయలు తీయించి, కంప్యూటర్‌ను మళ్ళీ ఆకుపచ్చ డబ్బాలోకి మార్చాను. దాని జాలీ మార్చలేదు, రంగు కూడా. పోయిన నెల అప్పలరాజు వాళ్ళ చెల్లెలి పెళ్ళి వీడియో చూసుకోవడానికి మా ఇంటికొచ్చాడు. వీడియో మధ్యలో వాడి చూపు బల్ల కిందికి పోయింది. కిందికి వంగి, డబ్బా వెనక చెయ్యి పెట్టి చూశాడు.

"ఏటి బావా ఇది, గాలి ఇంత బాగా లాగతంది? ఇప్పుడందరూ ఇలా జాలీవే అడుగుతన్నారు. ఓ పది దొరుకుతాయేటి?"

వాడికి ఏమీ గుర్తులేదు. గుర్తుండాల్సిన అవసరం వాడికి లేదు కూడా. జాలీలు పది ఉన్నాయని, చేసే మనిషి లేడని చెప్పాను. ఆ మనిషి పేరు కూడా చెప్పాను. ఆ రోజు షాపు ముందు నేనేమన్నానో మొత్తం చెప్పాను. వాడు కాసేపు చెయ్యి అక్కడే ఉంచి, "నాకు ఓపాలి ఆన్ చేసి సూపించాల్సింది బావా," అన్నాడు.

శుక్రవారాలు పూజ అయ్యాక, మిగిలిన అగరబత్తి తీసుకుని బల్ల దగ్గరికి వెళ్తాను. నేను కంప్యూటర్‌కు కూడా పూజ చేస్తున్నానని అమ్మ చుట్టాలకు చెబుతోంది. దాన్నీ సరిదిద్దలేదు. జాలీకి జానెడు దూరంలో పట్టుకుంటాను. పొగ ఎక్కడా నిలబడదు, పక్కకు తిరగదు, నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. ఆయన నన్ను చూపించమన్నది ఇంతే.