ఒక్క టబ్బోళ్లు

మా తమ్ముడు ఏటా పట్నాలెందుకు తిరుగుతాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అక్కడ మాకు చుట్టాలు లేరు, మొక్కులు లేవు, దవాఖాన పని కూడా లేదు. సెలవు దొరకగానే వాడూ, వాడి సోపతిగాడూ రామగుండంలో రైలెక్కేవాళ్లు. ఒక ఏడు హైదరాబాద్, ఒక ఏడు మద్రాసు, ఎక్కువసార్లు బొంబాయి. తిరిగొచ్చాక "ఏం చూసిండ్రురా?" అంటే "ఊరు చూసినం" అనేవాడు. ఊరు చూడటానికి అంత దూరం పోవాలా అని అమ్మ గొణిగేది.

సోపతిగాడిది రామగుండమే. ఇంట్లో దక్కనీ మాట్లాడే ముస్లిం కుటుంబం. నన్ను అక్కా అనే పిలిచేవాడు. ఇద్దరూ గోదావరిఖనిలో ఒకే బాయిలో బొగ్గు నింపేవాళ్లు. పట్టాల మీద నడిచే ఇనుప డబ్బాను టబ్బు అంటారు. ఒక టబ్బుకు ఇద్దరు మనుషులు. ఒకరు చెమ్మసు పారతో తట్ట నింపితే ఇంకొకరు ఎత్తి పోయాలి. ఏళ్ల తరబడి అలా కుదిరిన ఇద్దరిని మా కాలనీలో "ఒక్క టబ్బోళ్లు" అనేవారు. ఆ మాటకు చుట్టరికమంత బరువుండేది. ఒకరింట్లో చావైతే రెండోవాడు డ్యూటీ మానేవాడు. ఎందుకు మానావని ఎవరూ అడిగేవారు కాదు.

ఆ ఏడు తమ్ముడికి పెద్దపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల బాగుంది, తెలిసినవాళ్లే. తమ్ముడు ఔననడు, కాదనడు. ఆ మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతాడు. నా పెనిమిటి పోయినప్పటి నుంచి నేను అమ్మ దగ్గరే ఉంటున్నాను. అమ్మ నన్ను పిలిచి, "ఈ తాప నువ్వు గూడ వాళ్లెంబడి పో. వచ్చేలోపు వాని నోట్లకెళ్లి ఊ అనిపియ్యి. పిల్ల తరుపోళ్లు ఇగ ఆగరు" అంది.

"ఇద్దరు మొగోళ్ల నడుమ నేనెందుకమ్మా?"

"రైల్ల కూసుంటే యాడికి ఉరుకుతడు? నీ మాట ఇనుడే గద."

నాకు అప్పటికి అక్షరాలు రావు. రాత్రి బడికి పోయింది చాలా ఏళ్ల తర్వాత. దారిలో స్టేషన్ల పేర్లన్నీ వాళ్లే చదివి చెప్పారు. సికింద్రాబాదులో బొంబాయి రైలెక్కాక ఒక సంగతి గమనించాను. ఇంట్లో మాటకు ఒక్క మాట తప్ప పలకని మా తమ్ముడు, ఆ రైల్లో కోతులను చూసీ, గుట్టలను చూసీ, ఎదురు సీటు ముసలాయన గురకను వినీ ఆగకుండా మాట్లాడుతున్నాడు. వీడి గొంతు ఇంత పెద్దదా అనుకున్నాను. సంబంధం మాట ఎత్తబుద్ధి కాలేదు.

బొంబాయి లాడ్జి మేనేజరు తెలుగాయన. తాతల నాడే కరీంనగర్ దిక్కు నుంచి పోయి అక్కడ స్థిరపడ్డారట. వాళ్లిద్దరినీ చూడగానే నవ్వి తాళంచెవి తీశాడు. వెనక నన్ను చూసి మళ్లీ కొక్కేనికి తగిలించాడు.

"ఈమె ఎవరి ఫ్యామిలీ?"

ఫ్యామిలీ అంటే పెండ్లామని మా కాలనీలో పిల్లలకు కూడా తెలుసు. "మా అక్క" అన్నాడు తమ్ముడు.

"అందరు అక్కనే అంటరు. ఒక్క గదిల ఇద్దరు మొగోళ్లు, ఒక ఆడామె. పోలీసోళ్లతోని నాకు కిరికిరి వద్దు. మీరిద్దరే వచ్చిన్నాడు ఏనాడన్న ఒక్క మాట అడిగిన్నా?"

నేను సర్దిచెబుదామని ముందుకొచ్చాను. "వీళ్లిద్దరు ఒక్క టబ్బోళ్లే అన్నా. నడుమ వచ్చినదాన్ని నేనే."

ఆయన నావైపు ఎగాదిగా చూశాడు. "టబ్బు యాడిదమ్మా మా దగ్గర? బకెట్ ఉన్నది. మీ ఊర్ల ఇద్దరు మొగోళ్లు ఒక్క టబ్బులనే తానం చేస్తరా ఏంది?"

సోపతిగాడు గోడ పట్టుకొని నవ్వాడు. తమ్ముడు మాత్రం తల దించుకున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. తానం మాటకు అంత సిగ్గెందుకో నాకు అర్థం కాలేదు. చివరికి మేనేజరు తల్లి ఉండే గదిలో నాకు మంచం వేశారు. అక్కాతమ్ముళ్లకు దొరకని గది ఇద్దరు సోపతిగాళ్లకు అడక్కుండానే దొరికింది. ఇదేం రివాజో అనుకున్నాను.

పొద్దున చాయ్ పట్టుకుపోతే వాళ్ల గదిలో రెండు మంచాలూ ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి.

"మంచాలెందుకు జరిపిండ్రురా?"

"ఫ్యాన్ ఒక్కటే ఉన్నదక్కా" అన్నాడు సోపతిగాడు.

తల ఎత్తి చూస్తే ఫ్యాను గది అవతలి మూలన ఉంది. వీళ్లకు దిక్కులు కూడా తెలియవేమో అనుకున్నాను.

ఆ రోజు ఒక ఇరానీ హోటల్‌కు తీసుకుపోయారు. మూల బల్ల దగ్గర నలుగురైదుగురు మగవాళ్లు కూర్చొని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ఒక లావుపాటాయన మమ్మల్ని చూసి చేతులు చాపాడు. "ఆగయీ జోడీ" అని, నన్ను చూసి గొంతు తగ్గించి, "ఇస్ బార్ సాస్ కో భీ లే ఆయే?" అన్నాడు. బల్లంతా నవ్వింది. మా పక్క క్వార్టర్ వాళ్లతో మాట్లాడి నాకు ఆ మాత్రం వచ్చు. జోడీ వచ్చిందంటున్నాడు. సాస్ అంటే అత్త. ఈసారి అత్తను కూడా తెచ్చారా అని అడుగుతున్నాడు. నేను ఎవరికి అత్తను? మా తమ్ముడికా, సోపతిగాడికా? ఎటునుంచి లెక్కేసినా వరస కలవలేదు. కానీ అందరూ లేచి నాకు కుర్చీ ఇచ్చారు. తిన్నావా అన్నారు, రైలు ప్రయాణం ఎట్లా సాగిందన్నారు. పెనిమిటి ఏం చేస్తాడని, పిల్లలెందరని ఎవరూ అడగలేదు. మా కాలనీలో నల్లా దగ్గర నిలబడితే మొదట వచ్చేవి ఆ రెండు ప్రశ్నలే.

సాయంత్రం సముద్రం ఒడ్డున కూర్చున్నాం. పూలమ్మే ఆమె నా మొహం కూడా చూడకుండా ఒక మూర నా చేతిలో పెట్టి, తమ్ముడి దగ్గర పైసలు తీసుకొని పోయింది. తలలో పెట్టుకోలేను, పారేయలేను. అలాగే పట్టుకొని కూర్చున్నాను. సోపతిగాడు పల్లీలు తెస్తానని లేచాడు. మమ్మల్ని మాట్లాడుకోనివ్వడానికే లేచాడని తెలిసింది.

"పెద్దపల్లోళ్లకు ఏం చెప్పాలెరా?" అన్నాను.

"అక్కా, టబ్బు మీద మూడో మనిషిని పెడ్తే ఏమైతది?"

"కూలి తక్కువ పడ్తది."

"కూలి పోతె పోనీ. జోడి ఇరుగుతది. ఇరిగినోళ్లను పని పంచే సర్దార్ ఏరే టబ్బులకు తోలుతడు." సోపతిగాడు పోయిన దిక్కు చూపించి, "నేను ఊ అంటే కొత్తగూడెం బదిలీ పెట్టుకుంటనన్నడు" అన్నాడు.

"ఎందుకు? నీ పెండ్లయితే ఆయినకేమైంది? పెండ్లయినోళ్లు టబ్బులు నింపుతలేరా?"

సోపతిగాడు పల్లీల పొట్లంతో వస్తూ దూరం నుంచే మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. బాయిలో కప్పు కూలిందన్నప్పుడు గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు, పైకి వచ్చే ఒక్కొక్క మొహాన్నీ అట్లాగే చూస్తారు. నేనూ ఒకనాడు చూశాను. అది ఒక మగవాడి మొహం మీద, నా తమ్ముడి కోసం ఎందుకున్నదో తెలియలేదు. తెలియకుండానే జరిగి మా నడుమ అతనికి చోటిచ్చాను. తర్వాత అతన్ని మా ఇద్దరి నడుమ ఇరికించినట్టనిపించి లేచి, తమ్ముడికి అవతలి పక్కకు పోయి కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమన్నడు?"

"టబ్బు మీద మూడో మనిషి వద్దట."

"టబ్బుకు, పెండ్లికి ఏం సంబంధమే?"

"నాకు గూడ తెల్వదు."

"తెల్వకుంటనే వచ్చినవా? అంత దూరం పోయి?"

"తెల్వదు గని, వద్దే అమ్మా. ఈ సంబంధం వద్దు."

అమ్మ మట్టిగడ్డ ఒకటి తీసి వాకిట్లోకి విసిరింది. బొంబాయి సంగతులు అడిగింది. అక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగరని చెప్పాను. "ఏమడుగరా? తిన్నవా అని గూడ?" అంది. అది అడుగుతారన్నాను. అయితే ఇంకేం అడగరో ఆమెకు అర్థం కాలేదు. నాకూ చెప్పడం చేతకాలేదు.

పెద్దపల్లికి కబురు పోయింది. ఆ పిల్లకు వేరేచోట పెండ్లయింది. కొత్తగూడెం బదిలీ మాట మళ్లీ వినపడలేదు. నల్లా దగ్గర ఆడవాళ్లు మాత్రం ఊరుకోలేదు.

"నీ కొడుకు పెండ్లెప్పుడు చిన్నవ్వా? ముసలోడైనంకనా?"

అమ్మ బిందె కింద చుట్టబట్ట సర్దుకుంటూ, "వాడు ఒక్క టబ్బోడు" అనేది.

వాళ్లు "ఔనా" అని తల ఊపి పక్కకు జరిగేవారు. అమ్మ ఏమనుకొని చెప్పిందో, వాళ్లు ఏం విని తల ఊపారో నాకిప్పటికీ తెలియదు. మళ్లీ ఎవరూ అడగలేదు.