యాకూబ్ చాచా మెహమాన్లు

యాకూబ్ చాచాకు ఒక్కటే జబ్బు. కంది, శనగ, పెసర, ఏది కనబడినా ఒక మొక్క పీకి వేళ్లు చూడకుండా ఉండలేడు. పొలం ఎవరిదన్న సంగతి ఆయనకు పట్టదు.

జహీరాబాద్‌లో ఓ విత్తనాల దుకాణంలో పని చేస్తాడు. నేను పక్క వీధి బడిపంతులును. ఆదివారాలు నా బండి మీద ఊళ్లు తిరగడం ఆయన హక్కుగా ఎప్పుడు మారిందో నాకు తెలియదు. చిరాగ్‌పల్లి దగ్గర ఓ కంది చేను కనబడగానే దిగి, "సార్, బండి బంద్ చెయ్యకు," అన్నాడు. ఎందుకో పొలం ఆసామి కర్ర పట్టుకుని వచ్చాక అర్థమైంది.

పీకిన మొక్క వేళ్లకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురముండి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. రైతుకు యూరియా ఖర్చు తగ్గుతుంది. చాచా వాటిని మెహమాన్లు అంటాడు, అంటే చుట్టాలు. బుడిపెను గోటితో గిల్లి, లోపల గులాబీ రంగు కనబడితే, "ఖైరియత్, అంత క్షేమం. పని మీదున్నరు," అని తృప్తి పడతాడు.

కోహీర్‌లో సొంత మేనల్లుడి నిఖా వేళకు ఈయన మాయమయ్యాడు. వెతికితే వెనక శనగ చేనులో, కొత్త షేర్వాణీతో మోకాళ్ల మీద ఉన్నాడు. ఇంట్లో ఆయన భార్య తాజ్ బేగం కుండీలో వేసిన మెంతికూర ఏనాడూ వంట దాకా రాలేదు.

"నలభై ఏండ్ల కాపురంల నా ఖైరియత్ ఒక్కనాడన్న అడిగినవా? మెంతికూరను మాత్రం రోజూ అడుగుతవ్," అందావిడ నా ముందే.

చాచా చేతిలో ఉన్న మెంతి మొక్కను చూశాడు. "నిన్ను పీకి చూడలేను గద," అన్నాడు. ఆ పూట ఆయన మా ఇంట్లో భోంచేశాడు.

పోయిన వానాకాలం న్యాల్‌కల్ వైపు నుంచి బస్వమ్మ అనే రైతు దుకాణానికి వచ్చి మెహమాన్ల పొడి పొట్లం కొన్నది. "బెల్లం పాకంల కలిపి గింజలకు పట్టియ్యి బిడ్డా, నీడకు ఆరబెట్టు," అని చెప్పి పంపాడు చాచా. ఆమె భర్త సంగయ్యకు ఇవేవీ నచ్చలేదు. "యూరియా లేకుండ పొట్లంతోని పంట తీస్తవా? తియ్యి, చూస్త. ఈసారి పోయిందంటే పొలం కౌలుకిచ్చి ఇద్దరం కూలికి పోదాం," అన్నాడట. ఆ రెండెకరాలు తప్ప వాళ్లకు వేరే ఆధారం లేదు.

నెల తర్వాత మేం పోయేసరికి కంది చేను పసుపు రంగుకు తిరిగింది. చాచా ఒక మొక్క పీకాడు, ఇంకోటి పీకాడు, ఆరు పీకాడు. ఒక్క బుడిపె లేదు.

"పొడి ఎట్ల కలిపినవ్ బిడ్డా?" అన్నాడు మెల్లగా.

"నువ్వు చెప్పినట్టే చాచా. తీగపాకం పట్టిన. పొగలు పోతుండంగనే పొడి ఏసిన. చల్లారినంక గింజలకు పట్టిచ్చిన."

ప్రాణమున్న మెహమాన్లు మరిగే పాకంలో ఉడికిపోయారు. ఆ ఊళ్లో అరిసెలు చేసుకునే వాళ్లంతా పాకానికి బస్వమ్మనే పిలుస్తారు. నాకు నవ్వొచ్చింది, ఆమె మొహం చూసి మింగేశాను. చాచా మొహం చూడగానే ఆమెకు విషయం అర్థమైపోయింది. ఇంతలో బోరు దగ్గరి నుంచి సంగయ్య వచ్చి, "ఏమైంది?" అన్నాడు.

"పొట్లం పాడైంది సంగయ్యా. పాతది ఇచ్చిన. తప్పు నాది," అన్నాడు చాచా.

మెహమాన్లను ఒక్క మాటంటే పోట్లాటకు దిగే మనిషి, తన నోటితోనే వాళ్ల పరువు తీశాడు. నాకు బాధేసింది. తిరుగుదారిలో అడిగాను, అబద్ధమెందుకని.

"అబద్ధమేంది సార్? బెల్లం నీళ్లు అనాలె. పాకం అన్నది నేనే గద." కొంత దూరం పోయాక మళ్లీ అన్నాడు, "తప్పైతే మంది చెప్పుకోరు సార్, సిగ్గు పడుతరు. అందుకే నేను వేరును అడుగుత."

ఇన్నాళ్లూ నేను దీన్ని పిచ్చి అనుకున్నాను. మర్నాడు కొత్త పొట్లాలు పట్టుకెళ్లి, మాగిన పెంట ఎరువులో కలిపి, తడి నేలలో సాలు సాలుకూ వేళ్ల పక్కన వేశాం. బడికి సెలవు పెట్టి మరీ వేశాను. మూడు వారాలకు బుడిపెలు కనబడ్డాయి. గొప్ప పంటేం రాలేదు, కానీ పొలం కౌలుకు పోలేదు. చాచాకు మాత్రం ఆ చుట్టుపక్కల 'పాత పొట్లాల యాకూబ్' అని పేరు పడింది.

ఈ జూన్‌లో దుకాణం నిండా రైతులున్నప్పుడు భార్యాభర్తలిద్దరూ వచ్చారు.

"ఈసారన్న కొత్తది ఇయ్యి," అన్నాడు సంగయ్య.

"అప్పుడు గూడ మంచిదే ఇచ్చిండు. పాకం కాచి చంపింది నేను," అంది బస్వమ్మ అందరి ముందూ.

"లేదు, అది పాతదే," అన్నాడు చాచా.

"నేనే కాచిన."

"పాతది అంటున్న గద."

జనం బేరాలు మానేసి వింటున్నారు. సంగయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పొట్లం తనే అందుకుని పై జేబులో పెట్టుకున్నాడు.

"మీ కొట్లాట బంద్ చెయ్యిన్రి. ఈసారి నేను కలుపుత," అన్నాడు. "నాకు పాకం పట్టనీకి రాదు."